ఒక సంపెంగ, మూడు అచ్చులు

విశాఖపట్నంలో ఎన్‌ఏడీ జంక్షన్ దాటి పెందుర్తి రోడ్డు పట్టుకుంటే కాసేపట్లో గోపాలపట్నం వచ్చేస్తుంది. ఒక పక్క సింహాచలం కొండ, ఇంకో పక్క రైలు పట్టాలు, నెత్తి మీద ఎయిర్‌పోర్టులో దిగబోయే విమానాలు. వైజాగ్ టూర్ ప్యాకేజీల్లో మా ఊరి పేరు కనిపించదు. ఇక్కడికని వచ్చేవాళ్లు తక్కువ, ఇటు మీదుగా పోయేవాళ్లు ఎక్కువ. అరకు వెళ్లే కార్లు, కొత్తవలస బస్సులు, కిరండూల్ నుంచి పోర్టుకు ఇనుప ఖనిజం మోసుకెళ్లే గూడ్సు బళ్లు, అన్నీ మమ్మల్ని దాటుకునే పోతాయి. ‘సింహాచలం’ అని బోర్డున్న రైల్వే స్టేషన్ నిజానికి ఉన్నది గోపాలపట్నంలోనే. అక్కడ దిగి "గుడి ఎటండీ?" అని చుట్టూ చూసేవాళ్లకు కొండ వైపు చెయ్యి చూపించడం మా ఊరి పిల్లలందరికీ అలవాటైన పని.

ఏడాదికొకసారి మాత్రం మా రోడ్డు కిక్కిరిసిపోతుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేసేవాళ్లు కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. ఆ దారి ఎన్‌ఏడీ నుంచి గోపాలపట్నం మీదుగానే పోతుంది. ఆ రాత్రి ప్రతి సందు మొదట్లోనూ మజ్జిగ, పులిహోర పంచే టేబుళ్లే.

నేను పుట్టి పెరిగింది ఇక్కడే. ఇంజినీరింగ్ అయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇప్పుడు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. అయినా ఊరంతా మళ్లీ కాళ్లతో తిరిగి చూసింది ఈ వేసవిలోనే, అదీ ఒక గ్రీటింగ్ కార్డు చేయడానికి. రబ్బరు స్టాంపులతో పొర మీద పొర అద్ది, పువ్వు పైకి ఉబికి కనిపించేలా చేసే కార్డు. దానికి కావలసిన సామానంతా మా చుట్టుపక్కలే దొరికింది. ఒకే ఒక్క వస్తువు దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. ఆ కథే ఇది.

ఖాళీ గిన్నె

కార్డు ఎవరికో ముందు చెప్పాలి. ఆర్‌ఆర్ వెంకటాపురంలో మాకొక పిన్ని ఉంది. వరసకే పిన్ని, చుట్టరికం ఏమీ లేదు. నా చిన్నప్పటి నుంచి మా ఇంటికి గేదె పాలు పోసేది. సంపెంగల కాలంలో పాల క్యానుతో పాటు అరిటాకులో చుట్టిన నాలుగు పువ్వులు కూడా వచ్చేవి. ఆమె పెరట్లో చెట్టుంది. సింహాచలం సంపెంగలంటే ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు ఉండరు. కొండ వాలు మీద అనాస, పనసతో పాటు సంపెంగకీ పేరు.

2020 మే 7. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు వెంకటాపురంలోని ప్లాస్టిక్ ముడిసరుకు ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. ఊరు నిద్రలో ఉంది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. రోడ్ల మీద మనుషులు పడిపోయిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. పిన్ని వాళ్లు చీకట్లో పరుగెత్తి బయటపడ్డారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి తిరిగొచ్చేసరికి గేదె లేదు. సంపెంగ చెట్టు ఆకులు సెగ తగిలినట్టు కమిలిపోయి ఉన్నాయి.

ఆ రోజు వైశాఖ పౌర్ణమి. మా వైపు వాళ్లకు ఆ తిథికి ఇంకో లెక్క కూడా ఉంది. అక్షయ తృతీయ నాడు సింహాచలం అప్పన్న ఒంటి మీది చందనం ఒలిచి నిజరూప దర్శనం ఇప్పిస్తారు. ఆ తర్వాత 3 మణుగుల చందనం పూస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మరో మూడేసి మణుగులు. మొత్తం 12 మణుగులు, నాలుగు విడతలు. 2020లో లాక్‌డౌన్ వల్ల చందనోత్సవం భక్తులు లేకుండానే జరిగింది. రెండో విడత చందనం పూయాల్సిన పౌర్ణమి నాడే కొండ కింద ఊళ్లో ఇది జరిగింది. అందుకే మా అమ్మ ఆ తేదీని మే 7 అని అనదు, "ఆ పున్నమి" అంటుంది.

తర్వాతి వానలకి చెట్టు చిగురేసింది. పిన్ని మాత్రం మళ్లీ గేదెను కొనలేదు. పాక ఖాళీగానే ఉండేది. అడిగితే "ఇంకెందుకులే" అనేది. ఏళ్లు గడిచాయి. కిందటేడు ఎవరు చెబితే విందో, ఏం తోచిందో, ఒక పడ్డను కొంది. ఈ వేసవిలో అది ఈనింది. పిన్ని స్టీలు గిన్నె నిండా జున్ను వండి పట్టుకొచ్చింది, మిరియాల పొడి, యాలకులు వేసి. అదే గిన్నె, అదే నవ్వు. అమ్మ జున్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

మా ఇళ్లల్లో ఖాళీ గిన్నె వెనక్కి ఇవ్వకూడదని మీకు తెలిసిందే. పంచదారో, పండ్లో, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. "బెల్లం వేసి ఇస్తాను, నువ్వూ ఏదైనా ఆలోచించు" అంది అమ్మ. వాట్సాప్‌లో పువ్వు బొమ్మ పంపుదామంటే పిన్నిది బటన్ల ఫోను. కొన్న కార్డులో ఇంగ్లిషు తప్ప ఇంకేం ఉండదు. అప్పుడే అనుకున్నా, ఆమె చెట్టు పువ్వునే అచ్చు వేసి ఇద్దామని.

పువ్వుది ఏ డిపార్ట్‌మెంటు?

పొరల అచ్చంటే సంగతి ఇదీ. ఒకే పువ్వుకి మూడు స్టాంపులు కావాలి. మొదటిది రేకుల ఆకారం మొత్తం, నిండుగా. రెండోది రేకుల మొదట్లో పడే నీడ. మూడోది సన్నటి గీతలు, ఈనెలు. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటే చేత్తో వేసిన పువ్వులా కనిపిస్తుంది.

మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. అక్కడ టేకు చెక్క అచ్చులు, ఇక్కడ రబ్బరు, అంతే తేడా. వాళ్లు బట్టకు ముందు కరక్కాయ, గేదె పాలు పట్టిస్తారు, రంగు పాకకుండా. గీతలకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఒక పువ్వు పూర్తవ్వాలంటే ఎన్ని రంగులుంటే అన్నిసార్లు అదే చోటికి చెయ్యి తిరిగి రావాలి. అచ్చు వెంట్రుకవాసి జరిగినా రంగు గీత దాటేస్తుంది.

ఒక ఆదివారం పొద్దున్నే కొండ దిగువకు వెళ్లి సంపెంగలు కొన్నాను. తెల్ల కాగితం మీద పెట్టి ఫొటో తీసి, కంప్యూటర్‌లో మూడు పొరలుగా విడగొట్టి నలుపు తెలుపులో గీశాను. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మెయిన్ రోడ్డు మీది స్టాంపుల షాపుకి వెళ్లా. ఆ షాపు మీరు ప్రతి ఊళ్లోనూ చూసే ఉంటారు. జిరాక్స్, లామినేషన్, పక్కన గాజు పెట్టెలో గుండ్రటి సీళ్లు. షాపు బాబాయ్ నా డ్రాయింగ్ చూసి కళ్లజోడు పైకి తోశాడు.

"ఏటమ్మా, పువ్వుకి స్టాంపా? ఏ డిపార్ట్‌మెంటు?"

విషయం చెప్పాను. నవ్వి, స్టూలు లాగి కూర్చోమన్నాడు. పని తక్కువగా ఉన్నట్టుంది, ఓపిగ్గా అన్నీ వివరించాడు. వాళ్ల నాన్న రోజుల్లో సీసపు అక్షరాలు పేర్చి, దాని అచ్చు తీసి, పచ్చి రబ్బరు షీటు పెట్టి వేడి ప్రెస్‌లో నొక్కేవారట. ఇప్పుడు ఎక్కువగా అడిగేది ఫ్లాష్ స్టాంపు. సన్నటి రంధ్రాలున్న ఫోమ్ మీద మెరుపులాంటి లైటు కొడితే, వెలుగు తగిలినచోట రంధ్రాలు మూసుకుపోతాయి, అక్షరాలున్నచోట తెరిచే ఉంటాయి. ఇంకు లోపలే ఉంటుంది కాబట్టి ప్యాడ్ అక్కర్లేదు. ఆఫీసుకి బ్రహ్మాండం. మనకి పనికిరాదు, ఎందుకంటే లోపల ఒకటే రంగు.

పొరల అచ్చుకి కావలసింది పాలిమర్ స్టాంపు. మనం గీసిన బొమ్మను నెగెటివ్ ఫిల్మ్‌గా తీస్తారు. రెండు గాజు పలకల మధ్య తేనెలాంటి పాలిమర్ ద్రవం పోసి, ఫిల్మ్ గుండా అతినీలలోహిత కాంతి పంపిస్తారు. కాంతి తగిలినచోట ద్రవం గట్టిపడుతుంది. మిగతాది సబ్బునీళ్లతో, బ్రష్షుతో కడిగేస్తే బొమ్మ ఉబ్బెత్తుగా మిగులుతుంది. స్టాంపు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి రెండో పొర ఎక్కడ పడుతుందో పై నుంచే కనిపిస్తుంది. "పిడి అంటించొద్దు బాబాయ్, అలాగే ఇచ్చేయ్" అన్నాను. పక్క సందులో నేమ్ బోర్డులు చేసే కుర్రాడి దగ్గర అరచేతంత యాక్రిలిక్ ముక్క దొరికింది. స్టాంపుని దానికి అంటించి వాడుకోవడమే.

ఫిల్మ్ తీస్తూ బాబాయ్ ఒక మాటన్నాడు. "ఒకప్పుడు మార్చి నెలొస్తే తినడానికి టైముండేది కాదమ్మా. ఇప్పుడన్నీ కంప్యూటర్ సంతకాలే." నేనేం మాట్లాడలేదు. నా జీతం ఆ కంప్యూటర్ సంతకాల మీదే వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు తెచ్చిన ప్రాజెక్టు 1998లో మొదలైంది. దాని పేరు ‘కార్డ్’. 2000 నాటి ఐటీ చట్టంతో డిజిటల్ సంతకానికి చట్టబద్ధత వచ్చింది. అంటే ఈ షాపు మీద ఒత్తిడి నేను బడికి వెళ్లేనాటికే మొదలైందన్నమాట. మూడు స్టాంపులకూ కలిపి 450 రూపాయలు తీసుకున్నాడు. "పువ్వు కదా, తగ్గించాను" అన్నాడు.

లేత నుంచి ముదురుకి

ఆఫీసు ఇంకు ప్యాడ్ల రంగులు మీకు తెలుసు. ఊదా, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. సంపెంగ పసుపు మాత్రం ఏ స్టేషనరీ షాపులోనూ లేదు. అమ్మ వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చింది. రంగు అద్భుతంగా వచ్చింది. ఒక ముక్క సగం కప్పి, సగం ఎండ తగిలేలా కిటికీలో పెట్టాను. నాలుగు రోజుల్లో ఎండ తగిలిన సగం వెలిసిపోయింది. పిన్ని కార్డుని గూట్లో దాచుకునే మనిషి కాదు, గుమ్మం మీద పెట్టుకునే మనిషి. కాబట్టి పిల్లల పోస్టర్ రంగులకే వచ్చాం. పసుపులో చిటికెడు నారింజ కలిపి, మెడికల్ షాపులో కొన్న గ్లిజరిన్ రెండు చుక్కలు వేస్తే రంగు స్టాంపు మీద త్వరగా ఆరిపోదు. స్పాంజి ముక్కతో పలచగా అద్దాలి. ఎక్కువైతే గీతలు పూడుకుపోతాయి.

ముందు లేత రంగు, తర్వాత మధ్య రంగు, చివర ముదురు. ఈ వరస మార్చకూడదు. లేత రంగు కావాలంటే వేరే రంగు కలపక్కర్లేదు, స్టాంపుని ముందు చిత్తు కాగితం మీద ఒకసారి నొక్కి, మిగిలిన రంగుతో కార్డు మీద నొక్కితే చాలు. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది. రేకు కొన దగ్గర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుంటే మూడు పొరలూ ఒకే చోట పడతాయి. ఆకులకైతే స్టాంపే అక్కర్లేదు. నిజం సంపెంగ ఆకు వెనక్కి తిప్పి, ఈనెల వైపు ఆకుపచ్చ ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద పెట్టి బొటనవేలితో రుద్దండి. ఏ మెషినూ అంత బాగా గీయలేదు.

కార్డుకి 300 జీఎస్‌ఎం మందం అట్ట వాడాను. దాని మీద ఆకులు, ఒక పూర్తి పువ్వు అద్దాలి. ఇంకో కాగితం మీద అదే పువ్వు మరో రెండుసార్లు అద్ది, రేకుల అంచుల వెంట కత్తిరించాలి. రేకుల్ని చెంచా వెనక భాగంతో మెల్లగా రుద్దితే వంపు తిరుగుతాయి. కింది పువ్వు మీద రెండోది, దాని మీద పై రేకులు, ఒక్కోటి కాస్త ఎత్తులో అంటించాలి. ఆ ఎత్తు కోసం మధ్యలో ఏదో ఒకటి పెట్టాలి కదా.

ఆ తెల్ల ముక్క

ఎత్తుకి చవకగా దొరికేది థర్మాకోల్. టీవీ పెట్టెలో వచ్చిన దిమ్మ అటక మీద ఉంది. బ్లేడుతో గోరంత ముక్కలు కోసి వరసగా పెట్టుకున్నాను. అమ్మ టీ తెచ్చి టేబుల్ మీద పెడుతూ ఆగింది.

"అది తీసీ. ఆ ఇంటికి అది పంపీకు."

నేను చదువుకున్న పిల్లలా వాదించాను. థర్మాకోల్ అంటే ఉబ్బించిన పాలీస్టైరీన్, అందులో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా గాలే. స్టైరీన్ ద్రవంగా ఉన్నప్పుడు వేడెక్కి ఆవిరైతే ప్రమాదం. ఒకసారి గొలుసులా కలిసి ప్లాస్టిక్ అయ్యాక అది వేరే పదార్థం. ఈ ముక్క ముట్టుకుంటే ఎవరికీ ఏమీ కాదు. ఇదంతా నిజమే. అలంకరణకు వాడే థర్మాకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన మాట నిజమే గానీ, అది చెత్త సమస్య వల్ల. అటక మీద పాతది ఒక ముక్క వాడితే ఏమవుతుంది? అయినా పువ్వు కింద ఏముందో పిన్నికి ఎలా తెలుస్తుంది?

అమ్మ అంతా విన్నది. "పిన్నికి తెలీదు. మనకి తెలుసు కదా" అంది. టీ చల్లారిపోతోందని గుర్తుచేసి వెళ్లిపోయింది.

ఆ మాట తర్వాత ఇంట్లో ఎటు చూసినా అదే కనిపించింది. సీడీ డబ్బా మూత పాలీస్టైరీనే. ఫ్రిజ్‌లో కూరగాయల ట్రే, పెళ్లి భోజనంలో ఇచ్చిన పలచటి ప్లాస్టిక్ గ్లాసు, గిలకొట్టిన పాత బొమ్మ. మనందరి ఇళ్లలోకీ చవగ్గా, తేలిగ్గా, తెల్లగా వచ్చే వస్తువు ఎక్కడో ఒక చోట తయారవ్వాలి. ఆ చోటు పక్కన ఎవరో ఒకరు పడుకుని ఉంటారు. మా ఊళ్లో ఆ ‘ఎవరో’కి పేరుంది, పాల క్యానుంది, జున్ను గిన్నె ఉంది. దేశంలో మిగతావాళ్లకు థర్మాకోల్ ఉత్త థర్మాకోలే. గోపాలపట్నంలో ఉన్నవాళ్లకు ఆ సుఖం లేదు.

ముక్కలన్నీ ఏరి సంచిలో వేశాను. బదులుగా ఆన్‌లైన్ పార్సెల్ వచ్చిన అట్టపెట్టె కోశాం. మధ్యలో అలలు అలలుగా ఉండే ఆ అట్ట, ఎత్తుకి చక్కగా పనికొస్తుంది. ఒక్కటే జాగ్రత్త. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు అలలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి ఉండాలి. ఒకే వైపు ఉంటే వేలితో నొక్కగానే అణిగిపోతాయి. కింది పువ్వుకి ఒక ముక్క, పై రేకులకి రెండు. ఫెవికాల్ పలచగా రాసి, మీద నిఘంటువు పెట్టి రాత్రంతా వదిలేశాం. అమ్మే లోపల ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: ‘పిన్నికి, పడ్డకి, దూడకి.’

వెంకటాపురం దారి

మర్నాడు సాయంత్రం గిన్నెలో బెల్లం, బెల్లం మీద కవరులో కార్డు పెట్టుకుని నడిచి వెళ్లాను. మెయిన్ రోడ్డు దిగి లోపలికి వెళ్లేకొద్దీ హారన్ల మోత తగ్గుతుంది. ఇళ్ల ముందు ముగ్గులు, గోడల మీద పిడకలు, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లల సైకిళ్లు. అటు వైపు మేఘాద్రిగెడ్డ జలాశయం నుంచి చల్లగాలి. తెలియనివాళ్లు వస్తే మామూలు ఊరే. తెలిసినవాళ్లకు మాత్రం ఒక పొడుగాటి ప్రహరీ గోడ దగ్గర మాట దానంతటదే ఆగిపోతుంది.

పిన్ని దూడకి గడ్డి అలవాటు చేస్తోంది. చేతులు కొంగుకి తుడుచుకుని కార్డు అందుకుంది. అటూ ఇటూ తిప్పింది. రేకు కింద వేలు పెట్టి చూసింది.

"లోపలేటెట్టినావే పాపా, ఇంత ఎత్తుగుంది?"

"అట్టముక్కలు పిన్నీ. పార్సెల్ పెట్టెవి."

"ఔనా" అని ముక్కు దగ్గర పెట్టుకుంది. "అంతా బాగానే ఉంది గానీ వాసనేదే దీనికి?"

పెరట్లోకి వెళ్లి ఒక సంపెంగ కోసుకొచ్చింది. పై రేకులకీ కింది పువ్వుకీ మధ్య ఆ అట్టముక్కలు వదిలిన సందులో దాని కాడ గుచ్చింది. సరిగ్గా పట్టింది. కార్డుని గుమ్మం పైన, కరెంటు మీటర్ పక్కన నిలబెట్టింది. ఖాళీ అయిన గిన్నె మళ్లీ నా చేతికి రాలేదు. "పాలు పోసి రేపు నేనే తెస్తానులే" అంది.

వైజాగ్ వస్తే బీచ్‌లూ కైలాసగిరీ ఎలాగూ చూస్తారు. సింహాచలం కూడా వెళ్తారు. కొండ దిగాక కాసేపు మా రోడ్డు మీద నడవండి. సంపెంగల కాలమైతే నాలుగు పువ్వులు కొనుక్కోండి. గుండ్రటి సీలు తప్ప ఎవరూ ఇంకేమీ అడగని ఒక స్టాంపుల షాపు కనిపిస్తుంది. లోపల గోడ మీద ‘పెయిడ్’, ‘క్యాన్సిల్డ్’, ‘ట్రూ కాపీ’ నమూనాల వరసలో చివరన ఒక పసుపు సంపెంగ అతికించి ఉంటుంది. మీకు కావలసిన పువ్వేదో గీసుకుని వెళ్లండి. బాబాయ్ ఇప్పుడు డిపార్ట్‌మెంటు అడగడం మానేశాడు.